నడికట్టుకు ఇంకో కన్ను

గున్నమ్మ తిట్టడం మానేసింది.

సరుగుళ్ళరేవులో దాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు. అనుకోకపోగా, లోలోపల సంతోషించారు కూడా. గున్నమ్మ నోరంటే ఉప్పు పండించే కొటార్ల మేస్త్రీలకే హడల్. అలాంటి మనిషి ఇప్పుడు అరుగు మీద కాళ్ళు చాపుకుని, పెట్టింది తిని, పిలిస్తే నవ్వి, కాసేపటికే కునుకు తీస్తోంది. ముసలితనంలో అత్తకి శాంతం వచ్చిందని కోడలు దాలమ్మ ఇరుగుపొరుగుతో చెప్పుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత సుఖంగా తాను ఎన్నడూ అన్నం వండలేదని కూడా చెప్పుకుంది, కాస్త గొంతు తగ్గించి.

అందరికంటే ఎక్కువ మురిసిపోయినవాడు గున్నమ్మ తమ్ముడు, ప్రొఫెసర్ కూర్మారావు. ఎందుకంటే ఆమె నడుముకున్న నడికట్టు ఆయన చేసినదే.

ఆ ప్రాంతంలో కిడ్నీలు పాడైనవాళ్ళు లేని వీధి లేదు. ఎందుకు పాడవుతున్నాయో పెద్దపెద్దవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారుగాని తేల్చి చెప్పినవాళ్ళు లేరు. వారానికి మూడుసార్లు టౌనుకు వెళ్ళి మెషీన్ పక్కన పడుకుని రక్తం కడిగించుకు రావడం, వచ్చిన రోజంతా వడిలిన తోటకూరలా పడి ఉండడం, ఇంకో రోజు గడిచేసరికి మళ్ళీ బస్సెక్కడం. కూర్మారావు ఉప్పు కొటార్లలో పుట్టి, అప్ప గున్నమ్మ రెక్కల కష్టం మీద చదువుకుని, పెద్ద ఉద్యోగాలన్నీ వదులుకుని వచ్చి, టెక్కలి పక్కన మూతపడిన జీడిపప్పు గోదాములో ప్రయోగశాల పెట్టింది ఈ బస్సు ప్రయాణం మాన్పించడానికే. పదిహేనేళ్ళు పట్టింది. చివరికి ఆ మెషీన్‌ని మొలకు చుట్టుకునే వెడల్పాటి పట్టీగా కుదించాడు. పట్టీలో ఒకవైపు సన్నటి గొట్టాల్లో రక్తం పారుతుంది. ఇంకోవైపు చదునైన సంచిలో నీళ్ళుంటాయి. మధ్యనున్న పొర గుండా రక్తంలోని మలినం నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళని పొడి నింపిన గొట్టం ఒకటి శుభ్రం చేసి మళ్ళీ సంచిలోకి పంపుతుంది. మనిషి నడుస్తున్నా, వంట చేస్తున్నా, నిద్రపోతున్నా దాని పని అది చేసుకుపోతుంది. పట్టీ అంచున నాలుగు చిన్న దీపాలు. వాటిని కళ్ళనేవారు. రక్తంలో యూరియా, సోడియం, పొటాషియం, కాల్షియం ఎలా ఉన్నాయో ఆ నాలుగు కళ్ళూ కనిపెట్టుకుని ఉంటాయి. పచ్చగా ఉంటే క్షేమం, ఎర్రబడితే ఫోను మోగుతుంది.

మొదటి నడికట్టు తయారైనప్పుడు ఎవరికి కట్టాలా అని కూర్మారావు తటపటాయిస్తుంటే, గున్నమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడిందట. "కడితే ముందు నాకే కట్టు. పాడైతే మనింట్లోనే పాడవుతాది" అందట. ఆమె బాగా ఉండడం చూశాక మరో ముప్పైమందికి పైగా కట్టారు. ఇప్పుడు రాష్ట్రమంతటా వాడొచ్చునని అనుమతి ఇవ్వడానికి నిపుణుల బృందం ఒకటి వచ్చే వారం రాబోతోంది.

డాక్టర్ దమయంతి ఆ ప్రయోగశాలలో కిడ్నీ వైద్యురాలు. పార్వతీపురం మనిషి. పేరున్న ఆసుపత్రిలో మంచి ఉద్యోగం మానుకుని కూర్మారావు దగ్గర చేరితే ఇంట్లోవాళ్ళు పిచ్చి పట్టిందన్నారు. ఆమెకు పట్టింది పిచ్చి కాదు, ఆయన మీద గౌరవం. రోగికి ఎక్కడ ఒరుసుకుంటుందో తెలియాలని, రక్తం పారని ఖాళీ నడికట్టును ఏడాదిపాటు తన నడుముకే కట్టుకు తిరిగిన మనిషి ఆయన. పెళ్ళిళ్ళకూ దానితోనే వెళ్ళేవాడు. ఆ సంగతి తెలిసిన రోజే దమయంతి రాజీనామా రాసేసింది.

ఆ సోమవారం ఉదయం ఆమె గున్నమ్మను చూడడానికి సరుగుళ్ళరేవు వెళ్ళింది. మామూలుగా అయితే ఆమె జీపు దిగకముందే గున్నమ్మ అందుకునేది. ఆ ఎముకలేమిటి, ఆ జడేమిటి, మీ అమ్మ నీకు అన్నం పెట్టదా అంటూ మొదలుపెట్టి, గంజో అంబలో తాగిస్తేగాని చెయ్యి చాపి నాడి చూడనిచ్చేది కాదు. ఆ రోజు మాత్రం "వొచ్చినావా" అంది, అంతే. ఆ ఒక్క మాటా నాలుక మీద నుంచి బరువుగా దొర్లింది. పెదవుల మీద నవ్వు మాత్రం అలాగే ఉంది.

దమయంతికి ఆ నవ్వు నచ్చలేదు.

ముఖం పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చినట్టు ఎర్రగా, వెచ్చగా ఉంది. బీపీ చూసింది. ఎన్నేళ్ళుగానో మందులకు లొంగని బీపీ, మందులు లేకుండానే బాగా దిగిపోయి ఉంది. నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. నడికట్టు మీద నాలుగు కళ్ళూ పచ్చగా, నిశ్చింతగా వెలుగుతున్నాయి. దమయంతి సంచిలోంచి చిన్న రబ్బరు సుత్తి తీసి, గున్నమ్మ కాళ్ళు అరుగు మీద నుంచి కిందికి వేలాడేలా కూర్చోబెట్టి, మోకాలి చిప్ప కింద తట్టింది. కాలు ఎగరాలి. ఎగరలేదు. రెండో కాలు తట్టింది. అదీ ఎగరలేదు. దాలమ్మ నవ్వుతూ, అత్తకి కోపమే కాదు, కాళ్ళ దూకుడు కూడా తగ్గిందని అంది. దమయంతి రక్తం తీసుకుని జీపెక్కేసింది.

ప్రయోగశాలలో కూర్మారావు నిపుణుల బృందానికి చూపించాల్సిన బొమ్మలు గోడకు తగిలిస్తున్నాడు. దమయంతి చెప్పింది విని, వయసు మీద పడ్డవాళ్ళకు మోకాలు ఎగరకపోవడం మామూలే కదా అన్నాడు. నాలుగు కళ్ళూ పచ్చగా ఉన్నప్పుడు భయమెందుకన్నాడు. ఆమె మెత్తగానే జవాబు చెప్పింది.

"అవి పచ్చగా ఉన్నాయి కాబట్టే భయం మాస్టారూ. గున్నమ్మగారికి ఏదో అవుతోంది. అవి చూడనిదేదో అవుతోంది."

చూడనిదేమిటని ఇద్దరూ ఒక్క క్షణం ఆలోచించారు. రక్తంలో ఉప్పులు చాలా ఉన్నాయి. డాక్టర్లు రోజూ అడిగేవి కొన్ని, ఎవరూ అడగనిది ఒకటి. మెగ్నీషియం. పప్పుల్లో, ఆకుకూరల్లో, గింజల్లో ఉంటుంది. ఒంట్లో అది లేకపోతే ప్రమాదం. ఎక్కువైతే మాత్రం మంచి కిడ్నీ దాన్ని ఆ పూటకాపూటే బయటికి నెట్టేస్తుంది. అందుకే పెరిగిందేమోనని ఎవరికీ అనుమానం రాదు, పరీక్షకు రాసేవాళ్ళూ తక్కువ. నడికట్టు చేసేటప్పుడు కూడా, ఒంటికి కావలసిన ఉప్పు కదా అని దాన్ని పొడి పట్టుకోకుండా వదిలేశారు, అంతకు మించి దాని జోలికి పోలేదు.

దమయంతి రక్తాన్ని మెషీన్‌లో పెట్టింది. మెషీన్ అంకె చూపించలేదు, తాను కొలవగల హద్దు దాటిందని చూపించింది. రక్తాన్ని పలచన చేసి మళ్ళీ పెట్టింది. ఉండవలసిన దానికి అయిదు రెట్లు ఉంది. సరిగ్గా అప్పుడే దాలమ్మ ఫోను చేసింది. అత్త పిలిస్తే కళ్ళు విప్పడం లేదట, ఊపిరి ఎప్పుడో ఒకసారి తీస్తోందట.

 జీపు కూర్మారావే నడిపాడు. దమయంతి ఒళ్ళో కాల్షియం ఇంజెక్షన్లున్న డబ్బా పట్టుకుని కూర్చుంది.

గున్నమ్మ చాప మీద వెల్లకిలా పడి ఉంది. రొమ్ము లేచి పడడం కనిపెట్టాలంటే కళ్ళు చిట్లించి చూడాల్సివచ్చింది. కూర్మారావు ముందు చేసిన పని, వంగి తన చేతులతోనే నడికట్టు విప్పడం. దాని గొట్టాల మరలు బిగించి విడదీశాడు. ఆ చేతులు ఎక్కడా తడబడలేదని దమయంతి తర్వాత ఎన్నోసార్లు తలచుకుంది. ఆమె గున్నమ్మ చేతి నరంలో సూది దించి కాల్షియం నెమ్మదిగా ఎక్కించసాగింది. ఏమవుతోందో చెప్పమని దాలమ్మ ఏడుస్తూ అడిగితే, ఎక్కిస్తూనే చెప్పింది. గుండె, ఊపిరి, కాలు, చెయ్యి అన్నీ నరం చెప్పినట్టు వింటాయి. మెగ్నీషియం ఎక్కువైతే ఆ మాట కండ దాకా పోనివ్వదు, గుమ్మానికి అడ్డం కూర్చుంటుంది. కాల్షియం వచ్చి దాన్ని కాసేపు పక్కకి జరుపుతుంది. కాసేపే. ఈలోగా ఆసుపత్రికి తీసుకెళ్ళి పాత మెషీన్ మీదే రక్తం కడిగించాలి.

చెబుతుండగానే గున్నమ్మ రొమ్ము ఒక్కసారి ఎత్తుగా లేచింది. తర్వాత ఇంకొకటి. కూర్మారావు అప్ప పాదాలు రెండూ పట్టుకుని తల ఆనించి అలాగే ఉండిపోయాడు. అరవై ఏళ్ళ మనిషి, దేశమంతా పేరున్న మనిషి, వీధిలోవాళ్ళు గుమ్మంలోంచి చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు. దమయంతి మొహం తిప్పుకుంది. గౌరవమన్నది ఇంకా పెరగడానికి చోటుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

టౌన్లో మెషీన్ మీద రెండు విడతలు రక్తం కడిగాక గున్నమ్మ పూర్తిగా లేచింది. లేస్తూనే చెయ్యి చూసుకుని, ఇంత లావు సూది పొడిచినవాళ్ళ చేతులు ఏ పశువుల ఆసుపత్రిలో తయారయ్యాయని వార్డంతా వినబడేలా అడిగింది. నర్సు నొచ్చుకుంది. కూర్మారావుకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

అయితే అసలు కథ అప్పుడే మొదలైంది. ఆ రోజే ఆయన ముప్పైమంది నడికట్లూ విప్పించేశాడు. వాళ్ళంతా మళ్ళీ బస్సులెక్కారు. గోల పెట్టారు. తమకేమీ కాలేదు కదా, ఎవరికో అయితే తమ నడుములెందుకు ఖాళీ చెయ్యాలని ఒకాయన ప్రయోగశాల గేటు దగ్గరే బైఠాయించాడు. దమయంతి అందరి రక్తమూ పరీక్షించింది. చిత్రమేమిటంటే, ఎక్కువమందికి మెగ్నీషియం మామూలుగానే ఉంది. సరుగుళ్ళరేవులో నడికట్టున్న మిగతా వాళ్ళకు మాత్రం కొద్దో గొప్పో పెరిగింది. ఒకే పొడి, ఒకే పట్టీ, ఒకే పొర. ఊరి బావి నీళ్ళు పరీక్షించారు, ఏమీ లేదు. వాళ్ళు తినే తిండిలో, వేసుకునే మాత్రల్లో తప్పు వెతికారు, దొరకలేదు. అన్నిటికన్నా వింత, ప్రయోగశాలవాళ్ళు నెలనెలా సంచులు తనిఖీ చేసినప్పుడు నాచు లేకుండా, పాచి వాసన లేకుండా తళతళలాడేవి ఈ ఊరివే. శుభ్రమంటే సరుగుళ్ళరేవును చూసి నేర్చుకోండని కూర్మారావే మిగతా ఊళ్ళకు చెప్పి ఉన్నాడు.

దమయంతీ ఆయనా మళ్ళీ ఆ ఊరు వెళ్ళారు. మధ్యాహ్నం, కొటార్లలో పని ముగిసే వేళ. దాలమ్మ అప్పుడే ఇంటికొచ్చి, ఉప్పు లాగే చెక్క పలకను గోడకు ఆనించి, గాబులోంచి చెంబుతో ముంచి దాని మీద పోస్తోంది. ఆ నీళ్ళు నీళ్ళలా లేవు. నూనె బొట్లలా చిక్కగా, నెమ్మదిగా జారుతున్నాయి.

కూర్మారావు నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

సముద్రపు నీరు మడిలో ఎండి ఉప్పు తేలాక, ఆ ఉప్పంతా లాగేశాక, అడుగున చివరగా ఒక నీరు మిగులుతుంది. నాలుక మీద పెడితే చేదు విషం. ఆ ఊళ్ళో చేదునీరంటారు. అక్కడివాళ్ళకు ఆ నీరంటే భక్తి. ఉప్పు ముట్టిన పనిముట్టు ఏదైనా, పలకైనా, గంపైనా, చివరికి కాళ్ళయినా, మంచినీళ్ళతో కడిగి వదిలేయకూడదు. అలా చేస్తే మడి అలుగుతుందని, మరుసటేడు ఉప్పు కట్టదని వాళ్ళ నమ్మకం. ఆఖరున చేదునీరు పొయ్యాల్సిందే. దాలమ్మను అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. ఒంట్లో ఉప్పు లాగేది కదా నడికట్టు? అదీ ఉప్పు పనిముట్టే కదా? మీరు చెప్పినట్టు వారానికోసారి కాచిన నీళ్ళతో సంచీ, గొట్టమూ కడిగి, ఆఖరున మా పద్ధతి ప్రకారం ఆ పూటంతా చేదునీట్లో నానబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ కట్టుకుంటున్నాం అంది. అలా చేసినప్పటి నుంచి పాచి పట్టడం లేదు కూడానట.

దమయంతికి అంతా అర్థమైంది. సముద్రంలోని మెగ్నీషియమంతా ఉప్పులోకి రాకుండా ఆ చేదునీట్లోనే మిగిలిపోతుంది. పొడి దాన్ని పట్టుకోదుగాని, అంతసేపు నానితే దాని సందుల్లోకి ఆ నీరు ఇంకిపోతుంది. ఇంకినది వారమంతా కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. బయటికి నెట్టడానికి లోపల కిడ్నీ లేదు. చూసి చెప్పడానికి నడికట్టుకు కన్ను లేదు.

కూర్మారావు అరుగు మీద కూలబడ్డాడు. చిన్నప్పుడు ఒకసారి ఆడుకుంటూ పలకను మంచినీళ్ళతో కడిగితే అప్ప చెంప ఛెళ్ళుమనిపించిందని, ఏడుస్తున్నవాడిని మళ్ళీ తనే ఎత్తుకుని చేదునీరు ఎలా పొయ్యాలో చూపించిందని చెప్పాడు. ఈ పొరపాటు ఇంకెవరికి తట్టకపోయినా తనకు తట్టవలసిందన్నాడు.  దమయంతి మనసు అప్పటికే ఇంకోచోటికి పోయింది. ఆయన మనసు కూడా అక్కడికే పోయిందని ఆయన మొహం చూస్తే తెలిసింది.

"గురువులన్న" అన్నాడు కూర్మారావు.

గురువులు అదే ఊళ్ళో ఉప్పు మడి మేస్త్రీ, కూర్మారావుకు వరసకు అన్న. రెండో నడికట్టు ఆయనదే. కిందటి నెల ఒక మధ్యాహ్నం పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. పుణ్యాత్ముడు, బాధ లేకుండా నిద్రలో దాటిపోయాడని ఊరంతా అనుకుంది. ఆయన భార్య పోలమ్మ ఆ మాటే పట్టుకుని బతుకుతోంది. గుండె ఆగిందని ప్రయోగశాల కూడా రాసుకుని ఊరుకుంది.

నిపుణుల బృందం రావడానికి ముందు రోజు దమయంతి తనకే సిగ్గనిపించిన ఒక మాట కూర్మారావుతో అంది. ఇది వాడినవాళ్ళ పొరపాటని రాసేద్దామంది. చేదునీరు వాడవద్దని ఊళ్ళో చాటిస్తే సరిపోతుంది. వారం తిరక్కుండా ముప్పైమందీ బస్సు దిగుతారు, అనుమతీ వస్తుంది, రాష్ట్రంలో ఎంతమందో బాగుపడతారు. గురువులుగారి సంగతి ఇప్పుడు తవ్వితే ఆయన తిరిగొస్తాడా? ఆమె మాటల్లో అబద్ధం లేదు. ఆ ముప్పైమంది ముఖాలూ ఆమెకు తెలుసు. గేటు దగ్గర బైఠాయించినాయన కూతురు పెళ్ళి దగ్గరపడిందనీ తెలుసు.

కూర్మారావు గోడ మీది బొమ్మల వైపు చూశాడు.

"చేదునీరు ఒక్కటేనా దమయంతీ? విరేచనానికి తాగే తెల్లటి మందులో ఉంది మెగ్నీషియం. కడుపు మంటకి వేసుకునే మాత్రలో ఉంది. రేపు ఇంకో ఊళ్ళో ఇంకేదో ఉంటుంది. ఎన్నిటిని వద్దని చాటిస్తాం? మనుషులు తమ ఇంట్లో తాము బతికినట్టే బతుకుతారు. వాళ్ళెలా బతికినా కాపాడాలనే కదా దీన్ని చేశాం. కన్ను పెట్టనివాడిని నేను, తప్పు వాళ్ళదని ఎలా రాస్తాను?"

మరునాడు ఆయన నిపుణుల ముందు గోడ మీది బొమ్మలన్నీ తీసేసి, గున్నమ్మ సంగతీ గురువులు సంగతీ ఉన్నదున్నట్టు చెప్పి, అనుమతి ఇప్పుడు ఇవ్వవద్దని తానే కోరాడు. మెగ్నీషియం చూసే అయిదో కన్ను పెట్టి మళ్ళీ పిలుస్తానన్నాడు. అనుమతి కోసం పిలిపించుకుని వద్దని పంపినవాడిని వాళ్ళు అంతకుముందు చూసి ఉండరు. ఒకాయన లేచి చెయ్యి కలిపి వెళ్ళాడు. గేటు దగ్గరాయన మాత్రం కూర్మారావు మొహం మీదే తిట్టాడు. కూర్మారావు తల వంచుకుని విన్నాడు. ఆ రోజు నుంచి టౌనుకు పోయే బస్సులో వాళ్ళ పక్కన కూర్చుని తనూ వెళ్ళి, రక్తం కడగడం అయ్యేదాకా ఉండి, తనూ వాళ్ళతోనే తిరిగొచ్చేవాడు. పని బస్సులోనే చేసుకునేవాడు.

ఇక మిగిలింది పోలమ్మకు చెప్పడం. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన గున్నమ్మ, తానూ వస్తానంది. నడవలేవని తమ్ముడు వారిస్తే వినలేదు.

"గురువులికి ఆ నీలు పొయ్యమని సెప్పింది నానురా. నా నోటితోటే సెప్పినాను. నా నోటితోటే ఒప్పుకుంటాను."

పోలమ్మ నులకమంచం వాల్చి కూర్చోబెట్టింది. ముందు గున్నమ్మ చెప్పింది, తర్వాత కూర్మారావు చెప్పాడు. ఎవరూ ఎవరినీ వెనకేసుకురాలేదు. కట్టు చేసినవాడిని నేనని ఆయన, నీళ్ళు పొయ్యమన్నదాన్ని నేనని ఆమె.  చివరికి పోలమ్మ దమయంతి వైపు తిరిగింది.

"డాక్టరమ్మా, నువ్వు సెప్పు. ఆయన నిద్దర్లో పోనేదా?"

అవునని చెప్పేస్తే అయిపోతుంది. దమయంతి గొంతు దాకా వచ్చింది ఆ అవును. పక్కన కూర్మారావు కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదుట అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాలేదు.

"నొప్పి ఉండదమ్మా. కాని అది నిద్ర కాకపోవచ్చు. ఒళ్ళు కదలదు, కన్ను తెరుచుకోదు, నాలుక తిరగదు. లోపల మాత్రం తెలివి ఉండే ఉంటుంది. మాటలు వినబడతాయి."

పోలమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గున్నమ్మ ఆమె భుజం పట్టుకోబోయి, పట్టుకునే హక్కు తనకు లేదన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. వీధిలో ఉప్పు బండి ఒకటి కిర్రుమంటూ పోయింది. 

"ఆ మద్దినేళ నాను ఆయన పక్కన కూకున్నాను" అంది పోలమ్మ. "నిద్దరోతన్నాడు గదా, ఇనడు గదా అని శానా మాటలాడినాను. ఇన్నేళ్ళలో సిగ్గుపడి ఎప్పుడూ అననివి. నువ్వు మంచోడివని, నిన్ను సేసుకుని నాను సుకపడ్డానని. ఆయన పోయినాక అదే నా ఏడుపు. గాలికి సెప్పీసినాను, ఆయనకి సెప్పనేదు అని." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "అయితే ఇన్నాడు."

 పోలమ్మ లేచి లోపలికెళ్ళి, అటక మీద నుంచి గుడ్డ మూట ఒకటి దింపి తెచ్చింది. అందులో గురువులు నడికట్టు. ఆయన నడుమున ఉన్నది కదా అని ఎవరికీ ఇవ్వబుద్ధి కాక దాచుకుందట. సంచి బిగుతుగా ఉంది, లోపల నీళ్ళు కదిలాయి.

"దీన్లో నీలు పారబొయ్యనేదు కూర్మా. ఆయన రగతం తగిలిన నీలు. ఇంకో కన్ను పెడతానన్నావు గదా. ముందు ఈ నీలు సూపించు దానికి."

కూర్మారావు రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. ఆ మూట ఎత్తుకున్నప్పుడు గున్నమ్మ ఆయన మోచేతిని పట్టుకుంది. 

అయిదో కన్ను అంత తేలిగ్గా కుదరలేదు. కాల్షియానికీ మెగ్నీషియానికీ తేడా పట్టలేక చాలాసార్లు తడబడింది. రెండు ఉప్పులూ అన్నదమ్ముల్లాంటివి, ఒకదాని చోట ఇంకొకటి దూరిపోతుంది. దమయంతి పగళ్ళన్నీ ఆసుపత్రిలో ముప్పైమందితో, మిగతా కాలమంతా కన్నుగా పనిచేయాల్సిన సన్నటి గాజు పలకతో గడిపింది. వానలు వెళ్ళాయి. కొటార్లలో మళ్ళీ నీళ్ళు కట్టారు. చేదునీరు మానేయమని ఎవరూ ఆ ఊరివాళ్ళకు చెప్పలేదు. నడికట్టు తిరిగొచ్చేదాకా పలకలకే పోసుకోండి, వచ్చాక అదే చెబుతుంది అన్నాడు కూర్మారావు.

ఒక ఉదయం అయిదు కళ్ళ నడికట్టు బల్ల మీద సిద్ధంగా ఉంది. కూర్మారావు గురువులు సంచిలోంచి సూదితో ఒక్క చుక్క తీసి, చేతిని బల్లకు ఆనించుకుని, కొత్త గాజు పలక మీద వదిలాడు. నాలుగు కళ్ళూ పచ్చగా వెలిగాయి. అయిదోది కాసేపు ఏమీ తోచనట్టు మసకగా ఉండిపోయింది.  తర్వాత అది ఎర్రగా వెలిగింది. ఫోను మోగింది.

ఆయన మోగుతున్న ఫోనును ఆపి, దాంతోనే పోలమ్మకు చేశాడు. చాలాసేపటికి ఎత్తింది. వెనక కొటార్లలో మనుషుల మాటలు వినిపిస్తున్నాయి.

"ఒదినా, చూసింది" అన్నాడు.

అవతల ఆ మాటలకు దూరంగా నడుస్తున్న అడుగుల చప్పుడు వినబడింది. తర్వాత పోలమ్మ, "సూసిందా" అంది.